లక్పతి కుడిచెయ్యి

మక్క కంకుల గింజ ఒలిచే మిషన్ చేన్లోకి వచ్చిన రోజు చేను గల్లాయన ఒక మందు సీసా తేవాలె. మా దిక్కు అది రివాజు. మిషన్‌కు కొబ్బరికాయ కొట్టి, చక్రం కాడ నేల మీద నాలుగు చుక్కలు సాక పోస్తరు. మిగిలింది పనోళ్ళది. సీసా తేనోని చేన్లో కంకులు సగం గింజతోటే బయటపడతయని పెద్దమనుషులు అంటరు. నిజమో అబద్ధమో, తేకుండ చూసినోడు ఒక్కడు లేడు.

రెండేండ్ల కింద, దసరా అయిన మూడో రోజు, మా చేన్లో మిషన్ పెట్టిన నాడు సీసా నేనే తెచ్చిన. పొద్దు పొడవంగనే బెల్టుషాపు తలుపు కొట్టి నా చేతులతోటి తెచ్చిన. నేను తాగను. అయినా తెచ్చిన.

ట్రాక్టరు, మిషన్ రెండూ నా తమ్ముడు సంతోష్‌వి. నాకంటె పదేండ్లు చిన్నోడు. బాపు పోయినంక నేనే సాదిన, నేనే పెండ్లి చేసిన. మా ఊరు ఎల్లారెడ్డికి పది కిలోమీటర్లుంటది. అందరం ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. నేను, నా భార్య గంగామణి, సంతోష్, వాని భార్య మాలతి, వాళ్ళ నాలుగేండ్ల బిడ్డ నిహారిక.

మిషన్ నోటికి కంకులు అందించేటోడు లక్పతి. ఊరవతల తండ ఆయనది. ఆ పని అందరికీ చేతకాదు. గంపలో వచ్చిన కంకులను అరచేత్తో నెట్టుకుంట, మిషన్ ఎంత మింగుతదో అంతే పెట్టాలె. ఎక్కువైతే దాని గొంతు పడతది. లక్పతి చెవి ఎప్పుడూ మిషన్ మీదనే ఉండేది. చప్పుడు మారంగనే చెయ్యి ఆపేటోడు. ఆయన ఉన్న మిషన్ ఆ ఏడు ఒక్క చేన్లో కూడ చెడిపోలేదు.

సాక పోసేది కూడ ఆయనే. ఆ పొద్దు నాలుగు చుక్కలు నేల మీద పోసి, తడి అయిన వేళ్ళను మట్టితోటి రుద్దుకున్నడు. సంతోష్ గిలాసలో పోసి ముందట పెట్టిండు.

"పట్టు నాయక్."

"వద్దు చిన్న పటేలా."

"ఏందే, మొగోడివేనా? చుక్క కూడ ముట్టవా?"

"తాగినన్ని దినాలు తాగిన. నీ పెండ్లిల నీకంటె ఎక్కువ నేనే తాగిన. నీ బరాతుల గుర్రాన్ని నేను పట్టుకున్ననా, గుర్రం నన్ను పట్టుకున్నదా, గిప్పటికి తెల్వది."

అందరం నవ్వినం. గంపలు మోయవచ్చిన మరాఠీ మొగుడు పెండ్లాలకు మాట అర్థం కాకున్నా వాళ్ళూ నవ్విండ్రు.

"మరి గిప్పుడేమైంది?"

"బిడ్డ తల మీద చెయ్యి పెట్టిన."

సంతోష్‌కు తెలియక కాదు. కిందటి హోలీ నాడు లక్పతి తమ్ముడు ప్రకాశ్ తాగి, మోటరు సైకిల్ మీద ఎల్లారెడ్డి నుంచి వచ్చుకుంట ఆగి ఉన్న లారీ కిందికి పోయిండు. ఇరవై నాలుగేండ్లు. దినాలైన మర్నాడు లక్పతి భార్య లచ్చి, ఎనిమిదేండ్ల బిడ్డ సునీలను మొగుని ముందట నిలబెట్టి, ఇగ మందు ముట్టనని తల మీద చెయ్యి పెట్టిచ్చింది. తండ అంతా చూస్తుండంగ పెట్టిచ్చింది.

"ఒక్క చుక్కకు తల పోతదా?" అన్నడు సంతోష్.

"పోతదో పోదో చూడబుద్ధి కాదు చిన్న పటేలా."

సంతోష్ ఆ గిలాస తనే ఎత్తిండు. సీసాను ట్రాక్టరు మడ్‌గార్డు మీద, తన పక్కకే పెట్టుకున్నడు.

పగటీలికి కుప్ప మూడొంతులు అయింది. గంపలోళ్ళు కాలువ అవతలికి అన్నం తినబోయిండ్రు. "ఇంకో పావుగంటల అయిపోతది, ఆపొద్దు" అన్నడు సంతోష్. నేను గింజ పడే కాడ సంచి పట్టి నిలబడ్డ. కుప్ప అడుగు కంకులు పచ్చిగున్నయి. మిషన్ గొంతు పడ్డది. లక్పతి చెయ్యి ఎత్తిండు. సంతోష్ ట్రాక్టరు మీద లివర్ గుంజి, మిషన్‌ను తిప్పే షాఫ్టు ఆపిండు.

అడ్డం పడ్డదాన్ని గుంజి పారేసినంక, లక్పతి మిషన్ రేకు మీద అరచేత్తోటి రెండు దెబ్బలు కొడతడు. ఆ దెబ్బలు వినపడితేనే మళ్ళ నడపాలె. ఎన్ని చేన్లు తిరిగినా అదే లెక్క.

లక్పతి మోచేతి దాక లోపల పెట్టిండు. నేను సంతోష్ దిక్కు చూసిన. ఒక చేతిలో ఫోను పట్టుకొని ఏందో చూసి నవ్వుతున్నడు. ఇంకో చెయ్యి లివర్ మీద ఉన్నది. ఆ చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది.

రేకు మీద దెబ్బలు పడలేదు.

తర్వాతి చప్పుడు నేను రాయను.

సంతోష్ ఆపి కిందికి దుంకిండు. దుంకిన కాడనే కూలవడ్డడు. లక్పతిని వెనుకకు గుంజింది నేనే. నా తలరుమాలు ఇప్పి మోచేతికి పైన బిగించి కట్టిన. ఆయన ఒర్రుతున్నడు. ఆ ఒర్రుడు ఎట్లనన్న ఆపాలనుకున్న. మా బాపు ఉన్నప్పుడు నాగలి కర్రు కాలుకు దిగినా, తేలు కుట్టినా, ముందుగాల నోట్లో గుక్కెడు మందు పోసేటోడు. నొప్పి తెల్వదు అనేటోడు. మా ఇంట్లో దెబ్బ తగిలినోనికి చేసే మొదటి సాయం అదే. మడ్‌గార్డు మీద సీసా ఉన్నది.

లక్పతి తల అడ్డంగ ఊపిండు. పండ్లు గట్టిగ కరిచిండు. నేను దవడలు వత్తి నోరు తెరిచి పోసిన. కొంత గొంతులోకి పోయింది. ఆయన దగ్గితే కొంత నా అంగి మీద పడ్డది. మిగిలింది చెయ్యి మీద పోసిన. అప్పుడాయన కండ్లు తేలేసిండు. నొప్పి తగ్గిందనుకున్న.

ఆటోలో ఎల్లారెడ్డి పోయినం. అక్కడ కట్టు కట్టి, అంబులెన్సు ఎక్కించి కామారెడ్డికి పంపిండ్రు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖాన. డాక్టరు నడివయసు ఆడమనిషి. లక్పతి మొఖం మీదికి వంగి, వెంటనే లేచింది.

"తాగి ఉన్నాడు. ఎంత తాగాడు? ఎప్పుడు?"

నా నోటి దాక మాట వచ్చింది. నేనే పోసిన అమ్మా, అని. అది చెప్తే తర్వాతి సవాలు ఏందో నాకు ఎర్కనే. మరి ఆయన చెయ్యి లోపలుండంగ మిషన్ ఎట్ల నడిచింది?

సంతోష్ తలుపు కాడ్నే నిలబడ్డడు. దవడలో పాన్‌మసాల పెట్టుకున్నడు. "పొద్దటి సంది తాగుతనే ఉన్నడు మేడం" అన్నడు.

ఆమె నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూసిన. ఆమె రాసుకున్నది.

"కడుపులో మందు ఉండగా మత్తు ఇస్తే, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆగాలి" అన్నది. పోబోయి మళ్ళ తిరిగి, "ఈ కోతల్లో ఇది నాలుగో చెయ్యి. మూడింటికి ఇదే వాసన. మీకు చెప్పీ చెప్పీ మాకే సిగ్గేస్తోంది" అన్నది.

ఎంతసేపు ఆగిండ్రో నేను గడియారం చూడలేదు. తలుపు అవతల లక్పతి మూలుగు వినుకుంట బెంచీ మీద కూర్చున్న. చివరికి మోచేతి కింద బెత్తెడు ఉంచి మిగిలింది తీసేసిండ్రు. ముందుగాల చేస్తే చెయ్యి నిలుస్తుండెనా అని ఆమెను అడగలేదు. అడిగితే చెప్పేటిదేమో.

ఆ వరండాలో కూర్చున్నప్పుడు నాకు ఒకటి సమజైంది. దవాఖాన కాగితం దెబ్బ తగిలినోని నోరే వాసన చూస్తది. దెబ్బ తగిలిచ్చినోని నోరు ఎవ్వరూ చూడరు.

*

ఊర్లో మాట ఒక్క దినంలో తయారైంది. హోటల్ కాడ చాయ్ తాగుకుంట అనుకునేటోళ్ళు.

"పొద్దుగాల వద్దు, పగటీలి ముద్దు. గదేనాయె నాయక్ ఒట్టు."

"మందు మనిషిని తాగింది, మిషన్ చెయ్యిని తాగింది."

"తండోళ్ళు మానుడంటె కుక్క తోక సక్కగైనట్టే."

ఆ మాట అన్నోని చేతిలో పొద్దుగాల పది గంటలకే కోటరు సీసా ఉన్నది. నేను చాయ్ సగం తాగి లేచిన.

గంపలోళ్ళు మర్నాడే చెరుకు కోతకని మహారాష్ట్రకు పోయిండ్రు. ఎల్లారెడ్డి ఠాణా నుంచి జమాదారు ఒకసారి వచ్చి, మిషన్ చూసి, దవాఖాన కాగితం చూసి, మీరేమైన చెప్పేదున్నదా అని అడిగిండు. సంతోష్ చెప్పిండు. రెండు దెబ్బలు వినపడ్డయి, నడిపిన అన్నడు. జమాదారు నా దిక్కు తిరిగితే, "మా అన్నకు మాటలు తక్కువ సార్" అని నవ్విండు. అది నిజమే. దాని ఎనుకనే దాక్కున్న నేను.

సంతోష్ మొదటి వారం అన్నం సక్కగ తినలేదు. రెండో వారానికి మిషన్ కడిగి, వేరేటాయనను పెట్టుకొని పనికి పోయిండు. పంట కాలం ఎవరి కోసం ఆగుతది?

లచ్చి ఆ దినాలల్లో ఇంటి మీద లేదు. సోయ కోతకని డోంగ్లి దిక్కు పోయిన గుంపులో ఉండె. కబురు తెలిసి నేరుగ దవాఖానకే వచ్చింది. మొగున్ని తోలుకొచ్చిన రెండు రోజులకు మా ఇంటికి వచ్చింది. వాకిట్లో గంగామణి మక్క గింజలు చెరుగుతున్నది. నేను ఎడ్ల పలుపుకు ముడి వేస్తున్న.

"కూసో లచ్చీ" అన్నది గంగామణి.

కూర్చోలేదు. "పటేలా, నీకు అబద్ధమాడుడు రాదంటరు మా తండల."

"మాట్లాడితె గద అబద్ధమాడేది" అన్నది గంగామణి. నవ్వుకుంట అన్నట్టే ఉన్నది గని నవ్వు లేదు.

"నువ్వు అక్కడనే ఉంటివి. ఆయన తాగిండా?"

పలుపు ముడి నా చేతిలో జారింది. మళ్ళ వేసిన.

"కాగితంల రాసిండ్రు గద" అన్న.

"కాగితం నాకు చదువరాదు. నిన్ను అడుగుతున్న."

"డాక్టర్లకు తెలుస్తది లచ్చీ."

లచ్చి ఒక అడుగు ముందటికి వేసింది. "సునీలకు మూడు దినాల సంది జ్వరం" అన్నది. "ఆయన బిడ్డను దగ్గరికి రానిస్తలేడు. మంచం కాడికి వస్తె పో, పో అంటడు. నా ఒట్టు తాకుతది అంటడు. నేను ఆయనతోని మాట్లాడుడు బంద్ చేసిన. అన్నం గిన్నె పెట్టి బయటికొస్త. గంతే." చీర కొంగు ముడి సదురుకున్నది. "చెయ్యి పోయిందని కాదు పటేలా. చెయ్యి లేకుంటె నేను రెండు చేతులు తెస్త. మాట పోయింది."

ఆమె పోయినంక గంగామణి చేట ఆపి నా దిక్కు చూసింది. నేను పలుపు ఎడ్లకొట్టంలో పెట్టి వచ్చే దాక చూస్తనే ఉన్నది.

దీపావళికి మూడు రోజులుందనంగ తండకు పోయిన. అప్పటికి సునీల జ్వరం దిగింది. లక్పతి గడపకు ఆనుకొని ఎండలో కూర్చున్నడు. కుడిచేతి కట్టు మీద ఈగలు వాలకుండ ఎడమచేత్తోటి తువ్వాల ఊపుతున్నడు. మనిషి సగమైండు. నన్ను చూసి లేవబోయిండు.

"కూసో, కూసో."

"పటేలా, నువ్వే వస్తివి, మంచిదైంది. ఒకటి అడుగుత." నా పక్కకు జరిగిండు. గొంతు తగ్గించిండు. "పొద్దుగాల సాక పోసింది యాదికున్నది. చిన్న పటేలు గిలాస ఇస్తె వద్దన్నది యాదికున్నది. మిషన్ గొంతు పడ్డది, చెయ్యి పెట్టిన. దాని తర్వాత నోట్ల మందున్నది. గొంతు కాలుతున్నది. నడుమ ఏమైందో యాదికి వస్తలేదు. తాగిన యాది లేదు, తాగిన రుచి ఉన్నది. నేనెప్పుడు తాగిన పటేలా?"

ఆయన నన్ను నిలదీస్తలేడు. తనమీద తనే ఆరా తీస్తున్నడు. పదిహేను దినాల సంది ఆ నడుమ ముక్క కోసం లోపల లోపల ఎతుకుతున్నడు. అది నా కాడ ఉన్నది.

అటు పక్క రేగుచెట్టు కింద సునీల ఒక్కతే గచ్చకాయలు ఆడుకుంటున్నది. ఒకసారి మా దిక్కు రెండడుగులు వేసింది. లక్పతి చూడంగనే ఆగి, ఎనుకకు పోయి మళ్ళ కూర్చున్నది. ఎవరూ చెప్పకనే పోయింది. అలవాటైంది.

"జర పండుకో లక్పతీ" అని లేచిన.

ఇంటికొచ్చే తొవ్వలో మా చేను తగులుతది. చేన్లోకి పోలేదు.

ఆ మాపటీలి గంగామణి రొట్టెలు కొడుతున్నది. మాలతి బిడ్డను తీసుకొని పక్కింటికి పోయింది. పొయ్యి ముందట మేమిద్దరమే ఉన్నం.

"ఆ నాటి నీ అంగి నేనే ఉతికిన" అన్నది గంగామణి, పిండి దిక్కే చూసుకుంట. "నెత్తురు మరకల గురించి చెప్తలేను. రొమ్ము మీద అంత మందు వాసన. నువ్వు తాగవు. తాగినోడు తన అంగి మీద పోసుకుంటడు గని, పక్కోని అంగి మీద పొయ్యడు."

రొట్టె పెనం మీద వేసింది.

"నువ్వే పోసినవు. ఔనా?"

"ఔను."

"చెయ్యి పోయినంకనే?"

"పోయినంకనే."

"మిషన్ నడిపినప్పుడు మరి?"

నా జవాబు ఆమెకు అక్కర పడలేదు. రొట్టె తిరిగేసి, "చెప్తె ఈ ఇల్లు రెండైతది. నాకు ఎర్కనే" అన్నది. ఇంకో ముద్ద తీసుకొని కొట్టుడు షురూ చేసింది. "నిహారిక నా చేతి బువ్వ తప్ప తినదు. అది కూడ నాకు ఎర్కనే."

చెప్పమనలేదు. వద్దనలేదు. ఆ రొట్టె తెచ్చి నా ముందట పెట్టింది. నేను తినలేదు. పనికి పోయిన సంతోష్ వచ్చే దాక వాకిట్లో నిలబడ్డ.

వాడు ట్రాక్టరు దిగి కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పిన. "పండుగ నాడు తండకు పోతున్న. అందరి ముందట చెప్త."

"ఏం చెప్తవు?"

"జరిగింది."

బొక్కెనలో చెంబు పడేసిండు. "నేను కావాలని చేసిన్నానే?"

"కాదు."

"మరి?"

"తాగి ఉంటివి. దెబ్బలు పడకముందే నడిపినవు. నేను చూసిన."

"సీసా ఎవరు తెచ్చిండ్రు?" వాని గొంతు ఇంటి గోడలకు తగిలింది. "నువ్వు తేలేదా? వద్దన్ననా నేను, తెమ్మన్ననా? నువ్వే తెస్తివి, నువ్వే వాని నోట్ల పోస్తివి. గిప్పుడు నాది తప్పా?"

"అది కూడ చెప్త. ముందుగాల అదే చెప్త."

"నన్ను జేల్ల పెడతరే అన్నా." ఈసారి చిన్నగ అన్నడు. చిన్నప్పుడు చెరువులో మునిగి తేలినప్పుడు నన్ను పిలిచిన గొంతు అది. నా కాళ్ళు అప్పుడు కదిలినయి. ఇప్పుడు కదలనియ్యలేదు.

"దవాఖానల అట్ల ఎందుకన్నవు సంతోష్?"

తడి కాళ్ళు తువ్వాలతోటి తుడుచుకున్నడు. "వాసన వాని కాడ్నించే వస్తుండె" అన్నడు. "నోట్లకొచ్చింది. అన్న. నువ్వు కాదంటవేమో అని చూసిన. నువ్వు అనకపోతివి."

బొక్కెనలోంచి చెంబు తీసి వాని చేతిలో పెట్టిన.

"నువ్వు రా. నువ్వే చెప్పు. నేను పక్కన ఉంట" అన్న.

రాలేదు. దీపావళి పొద్దుగాల మేము లేచేవరకు గ్యాసు పొయ్యి ఎనుకటి అర్రలోకి పోయింది. మాలతి కండ్లు తుడుచుకుంట నాలుగు గిన్నెలు సర్దుకున్నది. అర్రకు, ఇంటికి నడుమ తలుపు సంతోష్ లోపలి నుంచి గొళ్ళెం పెట్టిండు. నిహారిక తలుపు అవతల నుంచి "పెద్దమ్మా" అని రెండుసార్లు పిలిచింది. గంగామణి తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డది. మూడోసారి పిలవలేదు.

*

దీపావళి పొద్దుగూకంగ తండలో పెండ్లికాని ఆడపిల్లలు దీపాలు పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతరు. ఇంటి పెద్ద ముందట దీపం పట్టి ఆ ఇల్లు చల్లగుండాలని పాడుతరు. పెద్దమనిషి వాళ్ళ తల మీద చెయ్యి పెట్టి దీవిస్తడు. సునీల ఆ ఏడే మొదటిసారి దీపం పట్టింది. నేను పోయేవరకు పిల్లలు తండ పెద్ద భీమ్‌సింగ్ వాకిట్లో ఉన్నరు. జనమంతా అక్కడనే ఉన్నరు. లచ్చి ఉన్నది. లక్పతి లేడు.

"లక్పతిని పిలువుండ్రి" అన్న.

"రాడు పటేలా" అన్నడు భీమ్‌సింగ్. "బిడ్డ దీపం తన ముందటికి వస్తదని లోపలికి పోయి తలుపు వేసుకున్నడు. పండుగ పూట వాన్ని తిప్పలు పెట్టుడెందుకు?"

"అయితే నేనే పోత. మీరు కూడ రావాలె."

లక్పతి తలుపు ముందట నిలబడి చెప్పిన. లోపల ఉన్నోనికి వినపడాలని గట్టిగ చెప్పిన. నా బతుకులో నేను అంత పొడుగు మాట్లాడింది అప్పుడే.

"సీసా నేను తెచ్చిన. లక్పతి ముట్టలేదు. పొద్దుగాల ముట్టలేదు, పగటీలి ముట్టలేదు. తాగింది నా తమ్ముడు. దెబ్బలు పడకముందే వాడు మిషన్ నడిపిండు. నేను ఎదురుంగ నిలబడి చూసిన. చెయ్యి పోయినంక, నొప్పికి ఆగుతడని లక్పతి నోట్ల నేను పోసిన. దవాఖానల వాసన వచ్చింది అది. డాక్టరమ్మ అడిగింది. నేను చెప్పలే. లచ్చి అడిగింది. చెప్పలే. లక్పతి అడిగిండు. చెప్పలే."

ఒక పిల్ల దీపం గాలికి పోతుంటే ఇంకో పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

తలుపు తీసుకొని లక్పతి వచ్చిండు. నా మొఖంలో మొఖం పెట్టి చూసిండు.

"నువ్వు పోసినప్పుడు నేను వద్దన్ననా?"

"పండ్లు కరిచినవు. తల అడ్డం ఊపినవు. నేను దవడలు వత్తి పోసిన."

"అంటే వద్దన్న."

"వద్దన్నవు."

"నేను వద్దన్న" అన్నడు మళ్ళ, లచ్చి దిక్కు తిరిగి. చెయ్యి పోయిన నాడు రాని నీళ్ళు ఆయన కండ్లకు అప్పుడు వచ్చినయి.

లచ్చి ఆయన కాడికి పోలేదు. నా ముందటికి వచ్చింది. కొడతదనుకున్న. కొడితే మంచిగుండు.

"పదిహేడు దినాలు" అన్నది. "మొగోడు నొప్పికి మూలుగుతుంటె ఒక్కనాడు ఎట్లున్నదని అడగలే నేను. గిన్నె పెట్టి మొఖం తిప్పుకున్న. ఆ దినాలు ఏడికెల్లి తెస్తవు పటేలా?"

నేను తల వంచిన.

"తలొంచకు. తలొంచుడు నీకు సులువు."

తల ఎత్తిన. ఎత్తి ఉంచుడు చానా కష్టమైంది.

భీమ్‌సింగ్ ముసలాయన కట్టె నేల మీద కొట్టి, "పిల్లలు నిలబడ్డరు. దీపాలల్ల నూనె అయిపోతది" అన్నడు. వాళ్ళలోంచి సునీలను ఎవరో ముందటికి నెట్టిండ్రు. ఆ పిల్ల మూడు బారల దూరంలో ఆగింది. పొమ్మంటడేమో అని తండ్రి మొఖం చూసింది. లక్పతి ఏమనలేదు. ఇంకో అడుగు వేసింది. ఇంకోటి వేసింది. దీపం పట్టి పాడవలసిన మాటలు మరిచిపోయి ఊకె నిలబడ్డది.

లక్పతి ఎడమచెయ్యి ఎత్తిండు. ఎడమచేత్తోటి దీవించరాదు. సగంలో ఆపి దించిండు. అప్పుడు కుడిచెయ్యి ఎత్తిండు. కట్టు కట్టిన ఆ బెత్తెడు చెయ్యిని బిడ్డ తల మీద ఆనించిండు. నొప్పి అయిందేమో, కండ్లు మూసుకున్నడు. తియ్యలేదు.

లచ్చి అప్పుడు ఆయన పక్కకు పోయి నిలబడ్డది.

నన్ను ఎవరూ కూర్చోమనలేదు. తిరిగి వస్తుంటే లక్పతి పిలిచిండు.

"పటేలా. ఠాణాల చెప్పినవా?"

"రేపు పోత. దవాఖానల కూడ చెప్పాలె. రాసిందాన్ని కొట్టెయ్యరంట గని, నేను చెప్పింది పక్కకు రాసుకుంటరంట."

"నేనూ వస్త. నా ఎదురుంగ చెప్పాలె."

"మొదటి బస్సుకు పోదాం."

మర్నాడు మంచు పడుతున్నది. మొదటి బస్సుకన్న ముందే నేను రోడ్డు మీద ఉన్న. ఇంట్లోంచి వచ్చేటప్పుడు ఎనుకటి అర్రలో దీపం ఎలుగుతున్నది. సంతోష్ మేలుకొనే ఉన్నడని తెలుసు. వాకిట్లో కొంచెంసేపు ఆగిన. తలుపు తీయలేదు.

లక్పతి ఒక్కడే వచ్చిండు. పండుగ కొత్త అంగి తొడుక్కున్నడు. బస్సు ఎక్కి ఎడమదిక్కు కిటికీ పక్కకు కూర్చున్నడు. పక్క సీటు ఖాళీగ ఉన్నది. కూర్చో అనలేదు, వద్దు అనలేదు. నేను కూర్చున్న.

కిటికీ అద్దం మూతపడలేదు, ఎల్లారెడ్డి దాక గాలి కొడుతున్నది. ఆయన కుడి అంగిచెయ్యి కొస ఖాళీగ ఎగిరి ఎగిరి నా మోకాలు మీద పడుతున్నది. తీసి ఆయన ఒడిలో పెట్టాలనిపించింది. పెట్టలేదు. మోకాలు కూడ జరపలేదు.